శకుంతలమ్మ గారి ఎర్ర బటన్

మొన్న రేషను కార్డు అంచులు చిరిగిపోతుంటే లామినేషను చేయిద్దామని పటమటలో జిరాక్సు షాపుకి వెళ్లాను. షాపులో అమ్మాయి కార్డుని రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి మిషను నోటికి అందించింది. మిషను ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, గుర్రుమని, కార్డుని మెల్లగా లోపలికి లాక్కుంది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. నాకు తెలియకుండానే నా చెయ్యి ముందుకు వెళ్లింది. "ఏంటండీ?" అంది ఆ అమ్మాయి. "ఏం లేదమ్మా, కానీ" అన్నాను. కానీ ఇంటికి వచ్చేదాకా నా మనసు ఆ షాపు దగ్గర లేదు. అక్కడికి రెండు వీధుల అవతల, ఇప్పుడు అపార్టుమెంటు కట్టేసిన చోట, ఒకప్పటి శకుంతలమ్మ గారి ముందు గదిలో ఉంది.

ఆ చప్పుడూ ఆ వాసనా నేను మొదట ఎరిగింది ఆ గదిలోనే. వీధికంతటికీ వాళ్లింట్లో ఒక్కటే వీసీఆర్. అందరూ డెక్కు అనేవాళ్లు. ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే, టీవీ పక్కన పెట్టుకునే నల్లటి పెట్టె. పుస్తకమంత క్యాసెట్‌ని దాని నోటికి అందిస్తే లోపలికి లాక్కుని, అందులో ఉన్నది టీవీలో చూపించేది. టీవీలో వచ్చేదాన్ని పట్టి క్యాసెట్‌లో దాచడం కూడా దానికి వచ్చు. ఆ రెండో విద్య దానికి ఉందని ఆ ఇంట్లో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

మైలవరం దగ్గర పల్లె నుంచి కొత్త కాపురానికి విజయవాడ వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా ఆయన మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. నెలలో సగం రోజులు ఊళ్లు పట్టుకుని తిరిగేవారు. మేము అద్దెకి దిగింది శకుంతలమ్మ గారింటి వెనక వాటాలో. ఆవిడకి అప్పుడు యాభై ఉంటాయేమో. పొడుగు మనిషి. పమిట చెంగు ఎప్పుడూ నడుముకి దోపుకుని, ఇప్పుడే ఏదో బరువు ఎత్తబోతున్నట్టు కనిపించేవారు. నాలుగో తరగతి వరకే చదివారు. భర్త బసవయ్య గారికి ఆటోనగర్‌లో లేత్ మిషన్ల షాపు ఉండేది. లారీల విడిభాగాలు తయారు చేసేవారు. ఒక్కతే కూతురు విజయ. నేను వచ్చేనాటికి ఏడాది ముందే పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోయింది. నేను ఆయన్ని బాబాయిగారనీ, ఆవిడని పిన్నిగారనీ పిలిచేదాన్ని. ఆవిడ నన్ను పద్మా అని పిలిచేవారు, కోపం వస్తే బీకామూ అనేవారు.

డెక్కుని బాబాయిగారు మద్రాసు నుంచి తెచ్చారు. లేత్ మిషనుకి ఏదో సామాను కొనడానికి వెళ్లి, దానితోపాటు ఇదీ ఒళ్లో పెట్టుకుని రైల్లో వచ్చారట. టీవీ స్టాండు మీద పెట్టి, టర్కీ తువ్వాలు కప్పి, ఇంట్లో ఒక చట్టం చేశారు. క్యాసెట్ పెట్టొచ్చు, చూడొచ్చు, తియ్యొచ్చు. ఎర్ర బటన్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. "అది నొక్కితే లోపల ఉన్నదంతా పోతుంది" అనేవారు. రోజంతా ఇనుమును చెక్కే మనిషి, పావుఅంగుళం బటన్‌కి భయపడటం నాకు వింతగా ఉండేది.

ఆ భయాన్ని దాటాలని పిన్నిగారికి ఎందుకు అనిపించిందో చెప్పాలి. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున హిందీలో ఒక పురాణ సీరియల్ వచ్చేది. వీధిలో కలర్ టీవీ ఉన్నది వాళ్లకే కాబట్టి, తొమ్మిది కాకముందే గుమ్మం ముందు చెప్పులు గుట్ట పడేవి. పాతిక మందికి తక్కువ కాకుండా ముందు గదిలో చాపల మీద సర్దుకుని కూర్చునేవాళ్లు. ఇంటికి వచ్చినవాళ్లని ఉత్త చేతులతో కూర్చోబెట్టడం పిన్నిగారికి చేతకాదు. పాలు కాచి, డికాషన్ కలిపి, గ్లాసులు అందించి, కడిగి, రెండో విడత కలిపేసరికి శంఖం ఊది సీరియల్ అయిపోయేది.

ఒకరోజు బట్టలు ఆరేస్తూ నాతో అన్నారు. "ఏడాదిగా మా ఇంట్లో ఆడుతోంది ఆ సీరియల్. ఆ రాజుగారి గొంతు నాకు బాగా తెలుసు. ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఇంతవరకూ తెలీదు."

"మీరూ వచ్చి కూర్చోండి పిన్నిగారూ. ఒక్క వారం కాఫీ లేకపోతే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. వాళ్లకి. నాకు కూర్చోబుద్ధి కాదు." చీర దులిపి తీగ మీద వేశారు. "ఆ డెక్కులో దాన్ని పట్టి, మధ్యాహ్నం అందరూ పోయాక తాపీగా చూడొచ్చటగా. విజయ చెప్పింది. నీకు ఇంగ్లీషు వచ్చుగా?"

"బీకామ్ అండీ."

"బీకామో ఏదో. చదివితే అర్థమవుతుందా, అవదా?"

"అవుతుందండీ. మిషన్లంటేనే నాకు భయం."

"నాకు చదువు లేదు, భయం లేదు. నువ్వు చదువు, నేను నొక్కుతాను."

మర్నాడు బాబాయిగారు ఆటోనగర్ వెళ్లగానే, ఆవిడ బీరువాలో పట్టుచీరల అడుగు నుంచి డెక్కుతో వచ్చిన పుస్తకం తీశారు. తువ్వాలు తీసి మడతపెట్టి, ఇద్దరం నేల మీద కూర్చున్నాం. నేను ఒక వాక్యం చదివి తెలుగులో చెప్పడం, ఆవిడ ఆ బటన్ వెతికి వేలు పెట్టడం. అక్షరాలు గుర్తుండవని స్టిక్కర్ బొట్ల అట్ట తెచ్చారు. నడిపించే బటన్ మీద పచ్చ బొట్టు, ఆపే బటన్ మీద నల్ల బొట్టు, ముందుకీ వెనక్కీ తిప్పేవాటి మీద చెరో నీలం బొట్టు పెట్టారు. బొమ్మని నిలబెట్టే బటన్‌కి పసుపు. ఎర్ర బటన్ ఎలాగూ ఎర్రగానే ఉంది, దానికి బొట్టు అక్కర్లేకపోయింది. రికార్డు చెయ్యాలంటే ఎర్రదీ పచ్చదీ రెండూ ఒకేసారి నొక్కాలని పుస్తకంలో ఉంది. ఆవిడకి అది నచ్చింది. "పొరపాటున చెయ్యి తగిలితే చెరిగిపోకూడదని రెండు పెట్టాడు. చేసినవాడు బుద్ధిమంతుడే" అన్నారు.

ఒక పేజీలో క్యాసెట్ వీపు మీద ఉండే చిన్న ప్లాస్టిక్ పన్ను బొమ్మ వేసి, పక్కన బాణం గుర్తు పెట్టి, చిన్న అక్షరాల్లో పేరాగ్రాఫు రాశారు. "అదేంటి?" అని అడిగారు. అప్పటికి పన్నెండు గంటలవుతోంది, నా కుక్కరు వెనక వాటాలో నాలుగో విజిల్ వేస్తోంది. "ఏదో జాగ్రత్తలు లెండి" అని పేజీ తిప్పేశాను.

మొదటి ఆదివారం మేము పట్టింది చీమల్ని. యాంటెన్నా తీగ టీవీకే ఉంది, డెక్కుకి లేదు. డెక్కు పాపం ఏమీ రాని చోట ముప్పావుగంట శ్రద్ధగా రికార్డు చేసింది. మధ్యాహ్నం తలుపులు వేసుకుని చూస్తే తెర నిండా తెల్ల చీమలు, నల్ల చీమలు, హోరు. పిన్నిగారు పది నిమిషాలపాటు కళ్లార్పకుండా చూసి, "రాజుగారు ఇంకా రాలేదా?" అన్నారు. రెండో ఆదివారం తీగ సరిచేశాం, కరెంటు పోయింది. మూడో ఆదివారం క్యాసెట్‌ని మొదటికి తిప్పడం మర్చిపోయాం, రాజుగారు విల్లు ఎత్తి బాణం వదలబోతుండగా టేపు అయిపోయింది. ఆ బాణం ఎవరికి తగిలిందో వారమంతా వీధిలో వాకబు చేశాం. ప్రతిసారీ నేను డీలా పడి పుస్తకం మూసేదాన్ని. ఆవిడ మాత్రం వేలెత్తి, "ఇప్పుడు ఏం నొక్కాం, ఏం నొక్కలేదు, వరసగా చెప్పు" అనేవారు. మిషను తప్పు చేసిందని ఒక్కసారి కూడా అనలేదు. నాలుగో ఆదివారం పడింది.

ఆ విజయం బాబాయిగారిని మార్చేసింది. మొదట తువ్వాలు తీసినందుకు కసిరిన మనిషి, ఆ తర్వాతి ఆదివారం తానే డెక్కు పక్కన నిలబడి వీధి జనానికి ఉపన్యాసం ఇచ్చారు. "అందరూ వినండి. ఎర్ర లైటు వెలుగుతోంది. ఇక్కడ మాట్లాడితే అదంతా లోపల పడిపోతుంది."

అలా పడదని చెప్పబోయాను. పిన్నిగారు వెనక నుంచి నా చెయ్యి గిల్లారు. "ఊరుకో. ఏడాదిలో ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఇదే మొదటిసారి" అన్నారు గుసగుసగా.

పాతిక మందీ ముప్పావుగంటసేపు ఊపిరి బిగబట్టి చూశారు. కాఫీ గ్లాసులు చప్పుడు కాకుండా రెండు చేతులతో దించారు. సగంలో ఎదురింటి తాతగారు ఆపుకోలేక తుమ్మారు. గదంతా ఆయన వైపు తిరిగింది. ఆయన తలవంచుకుని కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిన్నిగారిని అడిగారు, "నా తుమ్ము పడిందా అమ్మా?"

"లేదండీ. రెండుసార్లు వేసి చూశాం."

"పడలేదూ" అన్నారాయన. సంతోషించారో, నిరాశ పడ్డారో చెప్పలేను.

ఆదివారం మధ్యాహ్నాలు మా సొంతమయ్యాయి. మేమిద్దరం, మూడో ఇంట్లోంచి ఫాతిమా గారు. ఫాతిమా గారి భర్త ఆటోనగర్‌లోనే లారీ సీట్లు కుట్టేవారు. ఆవిడ రావడానికి కారణం ఉంది. సీరియల్ హిందీలో ఉంటుంది, నా హిందీ బళ్లో పరీక్షతోనే ఆగిపోయింది. ఫాతిమా గారు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి చెబుతారనుకున్నాం. తీరా చూస్తే అందులో వాళ్లు మాట్లాడేది సగం సంస్కృతం. "ఏదో చేస్తానని గట్టిగా అంటున్నాడక్కా. ఏం చేస్తాడో అర్థం కాలా" అనేవారావిడ. "ప్రతిజ్ఞ అన్నాడుగా. ప్రతిజ్ఞ చేస్తున్నాడు" అనేవారు పిన్నిగారు. వచ్చాడా, వెళ్లాడా, ఇచ్చాడా అన్నది ఫాతిమా గారు చెప్పేవారు. ఏమిటి, ఎవరికి అన్నది పిన్నిగారు చెప్పేవారు. ఇద్దరి మధ్యా కూర్చుంటే నాకు కథంతా వచ్చేది. అర్థం కాని చోట నీలం బొట్టు నొక్కి వెనక్కి తిప్పేవాళ్లం. ముప్పావుగంట సీరియల్ చూడటానికి మాకు రెండు గంటలు పట్టేది. మధ్యలో ఎవరూ కాఫీకి లేచేవారు కాదు. పిన్నిగారు గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో ఏ పనీ లేకుండా కూర్చోవడం నేను చూసింది ఆ మధ్యాహ్నాల్లోనే.

అలా రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం, సీరియల్ అయిపోయి తెర ఒకసారి మినుకుమంది. చీమలు రావాల్సిన చోట అరిటాకులు వచ్చాయి. బంతిలో కూర్చుని భోంచేస్తున్న జనం, బకెట్లు పట్టుకుని తిరుగుతున్నవాళ్లు, వెనక సినిమా పాట.

"ఇదేంటి, వీళ్లు మన విజయ అత్తగారి వాళ్లు కదూ?" అన్నారు ఫాతిమా గారు.

పిన్నిగారు నల్ల బొట్టు నొక్కారు. క్యాసెట్ బయటికి తీసి చూశారు. పేర్లు రాసిన కాగితాలు మేము డబ్బాల మీదే అంటించాం, క్యాసెట్లన్నీ ఒక్కలాగే నల్లగా ఉండేవి. మేము రికార్డు చేసుకునే క్యాసెట్ డబ్బాలో విజయ పెళ్లి క్యాసెట్ ఉంది. పొద్దున దాన్ని తీసి డెక్కులో పెట్టింది నేను. లోపల ఏముందో చూడలేదు. రెండు బటన్లూ నొక్కింది ఆవిడ. చూశాక మొదటికి తిప్పే పెడతాం కాబట్టి పొద్దున తిప్పి చూడలేదు, మధ్యాహ్నం కూడా బొమ్మ చూస్తూ వెనక్కి తిప్పి సీరియల్ మొదలైన దగ్గరే ఆపాం.

వెనక్కి తిప్పి చూశాం. పెళ్లి బాగానే నడుస్తోంది. గంపలో పెళ్లికూతురు వచ్చింది, జీలకర్రా బెల్లం పెట్టారు, తాళి కట్టారు. పెద్దవాళ్లు అక్షింతలు వెయ్యడానికి వరసగా లేచారు. ఆ వరసలో మొదటి చెయ్యి పైకి లేవగానే శంఖం మోగి రథం వచ్చింది. అక్కడి నుంచి భోజనాల దాకా పెళ్లి లేదు.

పిన్నిగారి ముఖం చూసి నాకు భయం వేసింది. పోయింది అక్షింతలే కదా, తాళి ఉందిగా అన్నాను. ఆవిడ చెప్పాక తెలిసింది. ఆ వరసలో రెండో మనిషి బాబాయిగారి అమ్మ, మాణిక్యమ్మ గారు. మనవరాలి పెళ్లయిన మూడు నెలలకి పోయారు. ఆవిడకి ఫొటో అంటే గోడకున్న ఒక్కటే, అదీ ఏ వయసులోదో ఎవరికీ పోలిక తెలియదు. కదులుతూ కనిపించేది ఆ క్యాసెట్‌లోనే, వణికే చేత్తో అక్షింతలు వేసి, విజయ తల నిమిరే చోట. బాబాయిగారు అప్పుడప్పుడు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు "పెళ్లి కాసేపు చూద్దాం" అని ఆ ముక్క ఒక్కటే చూసి, మళ్లీ వచ్చేసారికి సిద్ధంగా ఉండేలా ఆ చోటికి వెనక్కి తిప్పి పెట్టించేవారట. సరిగ్గా అక్కడే మేము ఎర్ర బటన్ నొక్కాం.

మర్నాడు ముగ్గురం ఉయ్యూరు బస్సెక్కాం. పెళ్లి అక్కడే చేశారు, వీడియో తీసినతని స్టూడియో కూడా అక్కడే. అసలు టేపు అతని దగ్గర ఉంటుందని ఫాతిమా గారి ఆశ. చెరకు లోడు ట్రాక్టర్ల వెనక బస్సు నడిచినంతసేపూ నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. స్టూడియో అతను మర్యాదస్తుడు. కుర్చీలు వేసి, మజ్జిగ తెప్పించి, మొత్తం విని, చేతులు నలుపుకున్నాడు.

"అసలు టేపు ఉందండీ. కానీ దానిమీద మళ్లీ తీస్తాం కదండీ. మీ పెళ్లి మీద ఇప్పటికి మూడు పెళ్లిళ్లూ, ఒక ఓణీల ఫంక్షనూ అయిపోయాయండీ."

ఫాతిమా గారికి నవ్వు వచ్చింది. ఆపుకోబోయి మజ్జిగ పొలమారింది. పిన్నిగారు కూడా నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. తిరుగు బస్సులో నేను నా ఉపాయం చెప్పాను. "మిషను టేపు తినేసిందని చెబుదామండీ పిన్నిగారూ. లోపల చుట్టుకుపోయిందని. అలా అవుతుందని పుస్తకంలో ఉంది కూడా."

ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూశారు. కంకిపాడు దాటాక అన్నారు, "దాని మీద ఎందుకు పెట్టడం? మనం చెప్పిందే అది చేసింది."

"బాబాయిగారు మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమోనండీ."

"ఆయన అనేది ఆయన్ని అననియ్యి. ఏం చేశామో అది చెబుదాం. నా వంతు నేను చెబుతాను, నీ వంతు నువ్వు చెప్పు. నీది కూడా నేను చెప్పను, నాది నిన్ను చెప్పనివ్వను."

సాయంత్రం బాబాయిగారు వచ్చి, పెరట్లో పంపు దగ్గర కిరసనాయిలుతో చేతుల గ్రీజు కడుక్కుంటున్నారు. పిన్నిగారు తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. నేను వెనక నిలబడ్డాను. ఆవిడ ఉపోద్ఘాతం ఏమీ లేకుండా అన్నారు, "పెళ్లి క్యాసెట్‌లో అత్తయ్య ఉన్న ముక్క చెరిగిపోయింది. దానిమీద సీరియల్ ఎక్కింది. బటన్ నొక్కింది నేను." అని నా వైపు చూశారు.

ఆ ఇంట్లో నేను అద్దెకున్నదాన్ని, నా వంతు చెప్పకపోయినా ఎవరూ అడగరు. "క్యాసెట్ పెట్టింది నేను బాబాయిగారూ. లోపల ఏముందో చూడలేదు. చెరగకుండా పన్ను విరగ్గొట్టాలని పుస్తకంలో ఉందని నిన్న రాత్రి చూశాను. అప్పుడు ఆ పేజీ చదవకుండా తిప్పేశాను."

ఆయన చేతులు తుడుచుకున్నారు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నారు. లోపలికి వెళ్లి డెక్కు మీద తువ్వాలు కప్పారు.

నాలుగు రోజులు ఆ ఇంట్లో మాట లేదు. పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవారు. మా వాటాలో నేను గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టేదాన్ని. ఐదో రోజు మధ్యాహ్నం పిన్నిగారు వచ్చి, "రా, పని ఉంది" అన్నారు. వెళ్లేసరికి ఫాతిమా గారు అప్పటికే టీవీ ముందు ఉన్నారు.

"పోయినచోట ఎంత తిప్పినా ఆవిడ రాదు" అన్నారు పిన్నిగారు. "మిగిలినదాంట్లో గంటన్నర ఉంది. పెళ్లంతా ఆవిడ ఊరికే కూర్చునే రకం కాదు. ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. ముగ్గురం మూడు మూలలు చూద్దాం. ఎడంపక్క ఫాతిమా, కుడిపక్క నువ్వు, మధ్యలో నేను."

పసుపు బొట్టు నొక్కి బొమ్మ ఆపడం, చూడటం, వదలడం. బొమ్మ ఆపినప్పుడల్లా తెర మీద అడ్డంగా తెల్లటి చార వచ్చి వణికేది, ఆ చార కింద ఎవరున్నారో తెలిసేది కాదు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి జరిపి చూసేవాళ్లం. రెండు నెలలుగా సీరియల్ మీద నేర్చుకున్న విద్యంతా ఆ మధ్యాహ్నం అక్కరకొచ్చింది. విజయ కాళ్ల పారాణి దొరికింది. ఎదురింటి తాతగారు రెండోసారి బంతిలో కూర్చోవడం దొరికింది. గంట దాటాక, భోజనాల దగ్గర, ఫాతిమా గారు తెర మీద వేలు పెట్టారు. "ఇదిగో అక్కా, ఈ స్తంభం పక్కన."

అరిటాకుల వరస వెనక, చేతికర్రతో, తెల్లచీరలో ఒక ముసలావిడ. కర్ర ఎత్తి ఎవరినో గట్టిగా తిడుతోంది. పది సెకన్లు కూడా లేదు. పైన సినిమా పాట వేసేశారు కాబట్టి మాట వినపడదు. ముగ్గురం మళ్లీ మళ్లీ వేసి చూశాం.

"గోంగూర వెయ్యమంటోంది" అన్నారు ఫాతిమా గారు.

"గోంగూర కాదు, పెరుగు. వియ్యాలవారికి పెరుగు వెయ్యలేదని. ఆ చెయ్యి ముప్పై ఏళ్లు చూశాను, నాకు తెలీదా?"

"పెరుగు అంటే పెదాలు కలవాలి అక్కా. ఇక్కడ కలవలేదుగా."

ఇది తేలకముందే గుమ్మంలో బాబాయిగారు ఉన్నారు. ఎప్పుడు వచ్చారో మేము చూడలేదు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, మా మధ్య చాప మీద కూర్చున్నారు. పిన్నిగారు వెనక్కి తిప్పి, పచ్చ బొట్టు నొక్కారు. ఆయన చూశారు.

"మళ్లీ వెయ్యి."

వేశారు.

"గోంగూరా కాదు, పెరుగూ కాదు" అన్నారు. తెర మీద ఇటు చివర, మాకు వీపు కనిపిస్తూ మజ్జిగ బకెట్ పట్టుకుని వెళుతున్న మనిషిని చూపించారు. మేము ఆ వీపుని అన్నిసార్లు చూసీ ఎవరా అనుకోలేదు. "అది నేను. కన్యాదానం అయ్యేదాకా ఉపవాసం. అయ్యాక కూడా తినలేదు, వడ్డనలో పడిపోయాను. 'తిన్నావట్రా' అని వెనక నుంచి అరుస్తోంది. వినపడింది నాకు. పని మీదున్నాను, తిరిగి చూడలేదు."

తెర మీద మాణిక్యమ్మ గారి కర్ర గాలిలో ఆగి, తెల్ల చార కింద వణుకుతోంది.

"అక్షింతల దగ్గర వీడియో అతను 'ఇటు చూడండి మామ్మగారూ' అంటే చూసింది" అన్నారాయన. "ఇక్కడ ఉన్నట్టు ఉంది. మళ్లీ వెయ్యి."

"నేను వెయ్యను. ఎన్నిసార్లని వేస్తాను? మీరే వేసుకోండి" అన్నారు పిన్నిగారు. "నీలం వెనక్కి. పచ్చ నడవడానికి. పసుపు ఆగడానికి."

అంత కాలమూ ఆయన డెక్కుని ఆవిడ చేతో, విజయ చేతో వేయించుకున్నవారే. కళ్లజోడు పెట్టుకుని, మొద్దుబారిన చూపుడువేలితో బొట్లు వెతుక్కుంటూ మొదటిసారి తానే వెనక్కి తిప్పారు. ఎక్కువ తిరిగిపోయి రథం వచ్చింది, మళ్లీ ముందుకు జరిపారు. నాలుగోసారికి సరిగ్గా కర్ర లేచే దగ్గర ఆపగలిగారు. తర్వాత లేచి స్క్రూడ్రైవర్ తెచ్చి, క్యాసెట్ వీపు మీది ప్లాస్టిక్ పన్నుని ఒక్క పోటుతో విరిచి, ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి, మాకు వీపు పెట్టే అన్నారు, "డబ్బాలు మార్చింది నేనే. శనివారం మధ్యాహ్నం పెళ్లి చూసి, తీసి, చేతికందిన డబ్బాలో పెట్టాను."

"నాకు తెలుసు" అన్నారు పిన్నిగారు.

"తెలిసీ చెప్పలేదే?"

"మీ వంతు నేనెందుకు చెప్పాలి?"

ఆయన వెళ్లిపోయాక ఫాతిమా గారు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాలుగు రోజులు ఆ మనిషి కోపం అనుకుని మేము వణికినదంతా కోపం కాదు. పిన్నిగారు మాత్రం ఏమీ జరగనట్టు డెక్కు ఆపి, తువ్వాలు దులుపుతున్నారు.

ఆ తర్వాత మేము ఆ ఇంట్లో ఆరేళ్లు ఉన్నాం. సీరియల్ అయిపోయింది, ఇంకొకటి వచ్చింది. ఇంటింటికీ కలర్ టీవీలు వచ్చి, గుమ్మం ముందు చెప్పులు తగ్గాయి. వీధి చివర కంప్యూటర్ నేర్పే బడి తెరిచినప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చేర్పించింది ఆవిడే. "ఇది పుస్తకం చదివి నొక్కేదే. ఇప్పుడు నువ్వే చదువు, నువ్వే నొక్కు" అన్నారు. అక్కడే నేర్చుకుని, అక్కడే నేర్పడం మొదలుపెట్టి, ఇరవై ఏడేళ్లు అదే పని చేశాను. చేసిందంతా పోగొట్టుకుని "దానంతట అదే పోయింది మేడమ్" అంటూ వచ్చిన పిల్లలు ఎన్ని వందల మందో. వాళ్లని నేను ఎప్పుడూ తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఏం నొక్కావో వరసగా చెప్పమనేదాన్ని. మొదట గింజుకునేవాళ్లు. చెప్పడం పూర్తయ్యేసరికి తేలికపడి, వాళ్లే దారి వెతుక్కునేవాళ్లు. బాబాయిగారు ముందు పోయారు, తర్వాత నాలుగేళ్లకి పిన్నిగారు. ఆవిడ పోయినప్పుడు నేను ఊళ్లో లేను. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఈ మధ్య మా అమ్మాయి ఫోనులో జాగా లేదంటుంటే, పనికిరానివి తీసేస్తానని తీసుకుని, మనవడు మొదటిసారి పాకిన వీడియో చెరిపేశాను. అమ్మాయి గదిలోంచి వస్తుంటే, ఫోను దానంతట అదే ఏదో చేసిందన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అరవై ఏళ్లు దాటాయి, ఆ మాట అంటే నమ్ముతారు కూడా. అయినా రాలేదు. "నేనే నొక్కానమ్మా. ఏముందో చూడకుండా నొక్కాను" అన్నాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం పిల్లాణ్ణి పడుకోబెట్టి వచ్చి, నా పక్కన కూర్చుని, ఫోను నా చేతిలో పెట్టింది. ఇద్దరం మిగిలినవి ఒక్కొక్కటే మొదటినుంచి చూడటం మొదలుపెట్టాం.